తొమ్మిదో నంబరు అంగీ

లెక్క తప్పితే నాకు తల తీసేసినట్టుండేది. గొప్ప కోసం చెప్పుకునే మాట కాదిది, ఒక రకం రోగం. రామన్నపేట దగ్గరి ఊళ్లో మాది మగ్గం ఇల్లు. అమ్మ చీరలకు ఆసు పోసేది. చెక్క మేకుల చుట్టూ నూలు దారాన్ని చేత్తో తిప్పుకుంటూ పోవడమే ఆసు పోయడమంటే. పొద్దంతా వేల సార్లు చెయ్యి ఆడాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా మగ్గం మీద పువ్వు పువ్వులా రాదు. పక్కన కూర్చుని ఆ చుట్లు లెక్కపెట్టడం నా పని. నేసిన బట్ట చూసి నాయిన, "ఇయ్యాల లెక్క ఎవలు పెట్టిన్రు?" అని అడిగేవాడు. నేనే అంటే ఇక రెండోసారి చూసేవాడు కాదు. ఆ గర్వంతోనే పెరిగాను, ఆ గర్వంతోనే లెక్కల టీచరునయ్యాను.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, యాదగిరిగుట్టకూ ఆలేరుకూ నడుమ కొత్తగా పెట్టిన ఆడపిల్లల గురుకుల పాఠశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. వంటశాల వెనక రాళ్లు ఏరేసి చదును చేసిన జాగాలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. దాన్ని నడిపే కోచ్ నాకంటే పదేళ్లు పెద్దది. పిల్లలు నన్ను లెక్కల మేడం అనేవారు, ఆమెను ఆట మేడం అనేవారు. వయసులో ఉన్నప్పుడు పెద్ద పెద్ద పోటీల్లో ఆడిందట. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి, మెట్లు దిగాలంటే పక్కవాటుగా ఒక్కో కాలే వేసి దిగేది. భర్త పోయాడు. ఆలేరులో రెండు గదుల కిరాయి ఇంట్లో ముసలి అత్తను పెట్టుకుని ఉండేది. ఆమెది ఏడాదికోసారి పొడిగించే కొలువు. ఏటా ఎండాకాలం వస్తుందంటే ఆమెకు గుండెల్లో రాయి పడేది.

నాకు ఆటలంటే పడదు. ఎండలో పడి గెంతడం వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో నాకు అప్పటికి అర్థం కాలేదు. పైగా ఆమె నా స్పెషల్ క్లాసు పిల్లల్ని మ్యాచ్ ఉందంటూ లేపుకుపోయేది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒకసారి స్టాఫ్ రూములో అందరి ముందూ గట్టిగానే అన్నాను, "బుట్టలో బంతి వేస్తే పదో తరగతి పాసవుతారా?" అని. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ, "లెక్కలొచ్చినోళ్లంత ధైర్నంగ ఉన్నరా మేడం?" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఈ సంగతి ఇక్కడ దాచిపెడితే తర్వాత చెప్పేదంతా అబద్ధమవుతుంది.

ఆ ఏడాది పరీక్షలకు ముందు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కోచ్‌లు ఉన్న ప్రతి బడీ, వాళ్ల వల్ల జట్టు ఏం బాగుపడిందో లెక్కలతో చూపించాలి. చూపించలేకపోతే ఆ కొలువు తీసేస్తారు. ప్రిన్సిపాల్ మేడం రెండేళ్ల స్కోరు షీట్ల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది మీరే చెయ్యాలమ్మా. మీ లెక్కయితే ఎవరూ వేలు పెట్టరు" అంది.

ఉబ్బిపోయాను. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. షీట్ల మీద పేర్ల గడులు ఖాళీగా ఉన్నాయి. మ్యాచ్ ఎక్కడ జరిగితే అక్కడి టీచర్లు రాసిన షీట్లవి. వాళ్లు పిల్లల పేర్లెందుకు అడుగుతారు, వీపు మీది నంబరు చూసి రాసుకుపోయారు. నాకేం ఇబ్బంది అనిపించలేదు. నంబరుంటే చాలు కదా. ఒక్కో నంబరుకూ ఒక్కో వరస గీసి, మ్యాచ్ మ్యాచ్‌కూ పాయింట్లు ఎక్కించాను. గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి కనిపించింది. జట్టు పాయింట్లలో దాదాపు సగం తొమ్మిదో నంబరు ఒక్కదానివే. మిగతా నంబర్లు ఒక మ్యాచ్‌లో కాస్త లేచి, తర్వాతి మ్యాచ్‌లో పడి, రెండేళ్లలో ఎక్కడ మొదలయ్యాయో అక్కడే ఉన్నాయి.

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు కనిపించింది నాకు. పుట్టుకతో ఆట వచ్చిన పిల్ల ఒకతె ఉంది, ఈమె దాని మీద బతుకుతోంది. మిగతా పిల్లలకు నేర్పింది సున్నా. చివర్న రెండు వాక్యాలు రాశాను. "జట్టు పూర్తిగా ఒకే క్రీడాకారిణి మీద ఆధారపడి ఉంది. శిక్షణ ప్రభావం కనిపించలేదు." కింద సంతకం పెట్టాను. రాసేటప్పుడు స్టాఫ్ రూము నవ్వు గుర్తొచ్చిందా అంటే, వచ్చింది. కానీ అంకెలు నావి కావు కదా అని సమాధానం చెప్పుకున్నాను.

వారం తిరిగేసరికి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని నా కాగితం చదివారు. వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకుని నావైపు మెచ్చుకోలుగా చూశాడు.

"మస్తు చేసినవమ్మా. గిట్ల సాఫ్‌గ ఎవ్వరు రాసియ్యలే. ఇగ మాకు ఆలోచించే పనే లేదు" అని, పక్కాయనకు కాగితం ఇచ్చాడు. "గని గీ తొమ్మిదో నంబరు పిల్ల ఎవరు? గంత మంచిగ ఆడే పిల్లను ఈడ పెట్టుడెందుకు, ఆటల బడికి రాసి పంపుదాం. మేం అన్నం తిని వస్తం. అంతల పిల్లను తోలుకరా."

ఆట మేడం ఆ గదిలోనే మూలన నిలబడి ఉంది. నా కాగితంలో ఏముందో ఆమె అప్పుడే విన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. తొమ్మిదో నంబరు అనేసరికి మాత్రం నోరు తెరవబోయి, మళ్లీ మూసుకుంది. నాకు వింతగా అనిపించింది కానీ ఆగి అడగలేదు.

పిల్లలు వంటశాల దగ్గర పళ్లేలు కడుగుతున్నారు. వెనక దండెం మీద జట్టు అంగీలు ఆరేసి ఉన్నాయి. ఎర్రవి, ఎనిమిది. ఎండకు రంగు పోయి గులాబీ రంగులోకి దిగాయి.

"తొమ్మిదో నంబరు ఎవరే మీలో? రా, సార్లు పిలుస్తున్నరు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జట్టు కెప్టెన్, పొడుగాటి పిల్ల, తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ అడిగింది, "ఏ మ్యాచ్‌ల మేడం?"

"ఏ మ్యాచ్ అంటే ఏంటి? తొమ్మిదో నంబరు ఎవరు అంటున్న."

"అదే మేడం, ఏ మ్యాచ్‌ల? భువనగిరిల ఆడినప్పుడు ఈ పిల్ల ఏసుకున్నది. గుట్టల గా పిల్ల ఏసుకున్నది. మొన్నటిదాంట్ల నేనే."

"అంగీలు ఎనిమిదే ఉన్నయి మేడం, మేం పన్నెండు మందిమి" అంది ఇంకో పిల్ల. "ఏది దొరికితే అది ఏసుకుంటం. తొమ్మిది మాత్రం మేడమే ఇస్తది."

రెండేళ్ల షీట్లలో నేను మనుషుల్ని లెక్కపెట్టాననుకున్నాను. లెక్కపెట్టింది అంగీల్ని. నా వరసల్లో ఏ ఒక్కటీ ఒక పిల్లది కాదు. మా నాయిన ఆ కాగితం చూసి ఉంటే ఏమనేవాడో తలచుకోగానే చెవులు కాలిపోయాయి.

"ఎవరెవరు ఎప్పుడేసుకున్నరో యాదికున్నదా మీకు?" అని అడిగాను.

"బుక్కుల రాసుంటది మేడం" అంది కెప్టెన్. అంగీలు ఇంటికి పట్టుకుపోయి పోగొట్టేవాళ్లున్నారని, ఎవరు ఏ నంబరు తీసుకున్నారో, ఉతికి తెచ్చారో లేదో ఆ పిల్ల ఒక నోటుబుక్కులో రాసిపెట్టేది. పరుగెత్తి తెచ్చిచ్చింది. అట్ట చిరిగిన నోటుబుక్కు. మ్యాచ్ తేదీ, ఊరు, నంబరు, పేరు, ఉతికినట్టు టిక్కు. నేను నాలుగు సాయంత్రాలు కూర్చుని ఇస్త్రీ చేసినట్టు గీసిన పట్టికల కంటే ఆ చాకలి పద్దు వెయ్యి రెట్లు నయం.

ఖాళీ క్లాసులో తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాను. కమిటీ వాళ్లు తినడం మొదలుపెట్టారు, మహా అయితే గంట. షీట్లు ఒకవైపు, నోటుబుక్కు ఒకవైపు పెట్టుకుని ఒక్కో పిల్లకూ ఒక్కో వరస గీయడం మొదలుపెట్టాను. తొందరలో గీతలు వంకరపోయాయి. వంటశాలలో గిన్నె చప్పుడైనా లేచి కిటికీలోంచి చూశాను, వాళ్లు లేచారేమోనని.

సగం గీసేసరికే తెలిసిపోయింది. తొమ్మిదో నంబరు పన్నెండు మందిలో పది మంది ఒంటి మీదికి వచ్చింది. ఊరికే రాలేదు. ముందు మ్యాచ్‌లో ఎవరు అందరికంటే తక్కువ ఆడారో, ఎవరి చేతిలోంచి బంతి ఎక్కువసార్లు జారిపోయినట్టు షీట్లో ఉందో, తర్వాతి మ్యాచ్‌లో తొమ్మిది ఆ పిల్లకే వచ్చింది. దాదాపు ప్రతిసారీ. ఆ అంగీ వేసుకున్న రోజు ఆ పిల్లే ఎక్కువ పాయింట్లు చేసింది. అట్టడుగున ఉన్నవాళ్లు తర్వాత ఎలాగూ కొంత పైకి వస్తారు, లెక్కలు చెప్పేవాళ్లకు తెలిసిన సంగతే అది. కానీ ఇంతలా రారు. వచ్చినవాళ్లు మళ్లీ మునుపటంత కిందికి జారలేదు, తర్వాత ఏ అంగీ వేసుకున్నా; అంగీలు చేతులు మారడంతో నా పాత వరసల్లో అది కనపడలేదు. ఓడిన మ్యాచుల్లోనూ తేడా తగ్గుతూ వచ్చింది. నేను గెలుపూ ఓటమీ అని రెండే గడులు పెట్టుకుని అది చూడనే లేదు. శిక్షణ ప్రభావం కనిపించలేదని నేను రాసిన చోటే ఆమె చేసిన పనంతా ఉంది. దాన్ని తీసుకెళ్లి, లేని ఒక పిల్ల ఖాతాలో వేశాను.

అదంతా ఒక కాగితం మీదికి ఎక్కించాను. మొదటి వాక్యం ఇలా రాశాను: "ముందు మ్యాచ్‌లో అందరికన్నా తక్కువ ఆడిన అమ్మాయికే ఈ అంగీ ఇవ్వబడింది." కింద పేర్లు వరసగా.

తలుపు కిర్రుమంది. ఆట మేడం. నేను గబగబా లేచి కాగితం ఆమె చేతికిచ్చాను.

"నా లెక్క తప్పింది మేడం. మీకు అన్యాయం చేశాను. ఇదిగో, ఇది చూపిస్తే మీ కొలువు ఎవరూ తియ్యలేరు" అన్నాను.

ఆమె ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివింది. చదివి, కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.

"గిది ఎవ్వలకన్న చూపెట్టినవా?"

"లేదు, ఇప్పుడే..."

"చూపెట్టకు చెల్లె." అంతవరకు ఆమె నన్ను చెల్లె అనలేదు. "పిల్లలకు తెల్వదు ఇది. తొమ్మిది దొరికిందంటే ఆ దినం ఆమెనే అందరికన్న మంచిగ ఆడేదని అనుకుంటరు. నేనే గట్ల చెప్పిన. భయపడ్డోళ్లకు ఇచ్చే అంగీ అని తెలిస్తె మల్ల ఎవ్వలన్న ఏసుకుంటరా? ఇన్ని దినాలు ఏసుకున్నోళ్ల ముఖాలు ఏమైతయి?"

"చూపించకపోతే మీ కొలువు పోతది."

"పోతె ఎట్లనో బతుకుత. గని గది చూపెట్టకు."

నాకు కోపం వచ్చింది. తప్పు నాది, దిద్దుకునే దారి నా చేతిలో ఉంది, దాన్నే పట్టుకుని లాక్కుంటోంది ఈ మనిషి. "ఇంట్లో ముసలావిడ ఉంది. ఆమెకేం పెడతారు?" అని అరిచినంత పని చేశాను. ఆమె జవాబు చెప్పేలోపు అటెండరు వచ్చాడు. సార్లు పిలుస్తున్నారట. పిల్లలందర్నీ కూడా గదిలో నిలబెట్టారట.

కాగితం మడిచి చేతిలో పట్టుకుని వెళ్లాను. దారిలో ఒక ఉపాయం తోచింది. పిల్లల ముందు ఏమీ అనకుండా, తొమ్మిది ఒక్క పిల్ల కాదని మాత్రం చెప్పి, వాళ్లు బయటికి పోయాక మిగతాది చూపిద్దామని. ఆమెకు చెప్పే వ్యవధి లేకపోయింది.

పన్నెండు మంది పిల్లలూ గోడవారగా నిలబడి ఉన్నారు. పెద్దాయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, "ఏదమ్మా, తొమ్మిదో నంబరు?" అన్నాడు.

"సార్, తొమ్మిది ఒక్కరు కాదు. అంగీలు తక్కువున్నాయి, మార్చుకుని వేసుకుంటారు. నేను పొరపాటుగా ఒకే అమ్మాయి అనుకున్నాను" అన్నాను.

ఆయన పుల్ల పక్కన పెట్టాడు. "మార్చుకుంటరా? మరి తొమ్మిది ఎవరికిస్తరు?" అని ఆట మేడం వైపు తిరిగాడు.

ఆమె పిల్లల వైపు చూడకుండా చెప్పింది. "మంచిగ ప్రాక్టీస్ చేసినోళ్లకు ఇస్తా సార్. ఆ వారంల ఎవలు ఫస్ట్ ఉంటె వాళ్లకు."

"అంటే ఆడెటోళ్లకే ఇచ్చినట్టు. ఆడెటోళ్లు ఎట్లన్న ఆడుతరు. మరి నువ్వేం జేసినవమ్మా?"

ఆమె తల వంచుకుంది. ప్రిన్సిపాల్ మేడం నా వైపు చూస్తోంది. నా పిడికిట్లో కాగితం చెమటకు తడుస్తోంది. పిల్లల్ని పంపించండి సార్ అనాలి, అంతే. ఆ ఒక్క మాట గొంతులోకి వచ్చేలోపు ఆయన చూపు నా చేతి మీద పడింది.

"గా కాగితమేంది? ఇటియ్యి" అని, నేను ఇచ్చేదాకా ఆగకుండా చెయ్యి చాపి తీసుకున్నాడు. మడత విప్పాడు. ఆయనకు పైకి చదివే అలవాటు.

"ముందు మ్యాచ్‌లో అందరికన్నా తక్కువ..."

లాక్కున్నాను. ఒక అధికారి చేతిలోంచి, బల్ల మీదుగా వంగి, కాగితం చిరిగేలా లాక్కున్నాను. గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు. ఆయన వేళ్ల మధ్య ఒక మూల ముక్క మిగిలింది.

"ఏంది ఇది?" అన్నాడు మెల్లగా.

"తప్పు లెక్క సార్. ఇది నేను తప్పు వేశాను."

"గిది తప్పా? మరి పొద్దున ఇచ్చింది?"

పన్నెండు మంది పిల్లలూ నన్నే చూస్తున్నారు. చేతిలోది తప్పయితే పొద్దున్నది నిలుస్తుంది. నిలిస్తే ఆమె పోతుంది. పొద్దున్నది తప్పంటే ఇది చదవాలి. ఆట మేడం తలెత్తి నా కళ్లలోకి చూసింది. అంతగా బతిమాలుతూ నన్నెవరూ చూడలేదు, ఆ తర్వాత కూడా.

"ఇదే తప్పు సార్" అన్నాను.

పిల్లల్ని పంపించాక ఉండబట్టలేక, ఆట మేడం బయటికి వెళ్లేదాకా ఆగి, మళ్లీ లోపలికి వెళ్లాను. చిరిగిన కాగితం చూపించబోయాను. పెద్దాయన చూడలేదు.

"పొద్దుగాల ఒక లెక్క, పగటీలి ఒక లెక్క, ఇప్పుడింకోటా? చేతులకెళ్లి గుంజుకుంటివి. నీ సంతకం ఉన్నది ఒక్కటే. దాన్నే నమ్ముతం" అని ఫైలు కట్టేశాడు. నాకు ఒక మెమో వచ్చింది. తర్వాత నేను పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను, పిల్లల పేర్లు లేకుండా. జవాబు రాలేదు. ఎండాకాలం సెలవులయ్యేసరికి ఆ కొలువు తీసేశారు. బడి తెరిచాక కోర్టులో బంతి చప్పుడు లేదు. ఎండలో గెంతడం ఎందుకన్న మనిషినే, ఆ చప్పుడు లేక నాకు పాఠం సాగేది కాదు.

ఆట మేడం ఆలేరులో ఒక బట్టల దుకాణంలో చేరింది. మోకాళ్లు అరిగిన మనిషికి పొద్దంతా నిలబడి చీరలు విప్పే పని. ఒకట్రెండు సార్లు ఆ దారిన వెళ్లి, లోపలికి పోయే ధైర్యం లేక వచ్చేశాను. మూడోసారి ఆమే చూసి కేకేసింది. అక్కా అనడం అప్పుడు మొదలుపెట్టాను. టీ తెప్పించింది. నా తప్పు గురించి ఆమె ఏనాడూ ఎత్తలేదు. ఎప్పుడు కలిసినా ఒక్కటే అడిగేది. "ఆ దినం ఆయన చదివిన ముక్క పిల్లలు విన్నరంటవా చెల్లె?"

విని ఉండరని చెప్పేదాన్ని. విన్నారని నాకు తెలుసు. అంత నిశ్శబ్దం గదిలో చెవిటివాళ్లకు కూడా వినపడుతుంది. పన్నెండు మంది పిల్లల మనసులో ఆ సగం వాక్యం ఎట్లా పడి ఉందో అని నాకు నిద్ర పట్టని రోజులున్నాయి. ఆమె కొలువు పోయింది నా వల్ల, దేనికోసమైతే పోగొట్టుకుందో అది కూడా నా కాగితం వల్లే చెడిందేమో. వాళ్లనే అడుగుదామంటే, వాళ్లు మరిచిపోయినదాన్ని నేనే గుర్తుచేసినట్టవుతుందేమోనని భయం. పదో తరగతి అయిపోయి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మొన్న నల్లగొండ బస్టాండులో ఎవరో వెనక నుంచి "లెక్కల మేడం" అన్నారు. తిరిగి చూస్తే కెప్టెన్. ఇంకా పొడుగైంది. నర్సింగు పూర్తి చేసి అక్కడే ఒక దవాఖానలో పనిచేస్తోంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక ఆట మేడం ఎట్లుందని అడిగింది. దుకాణం సంగతి చెప్పాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇక నేను ఆగలేకపోయాను.

"ఆ రోజు ఆ సార్ చదివింది విన్నరా మీరు?"

"ఇన్నం మేడం."

"తర్వాత మీలో మీరు ఏమనుకున్నరు?"

"ఏమనుకుంటం? అది మాకు ముందుగాలనే ఎర్క గద."

ఆ పిల్ల నా చేతి సంచి అందుకుని బెంచీ మీద పెట్టింది.

"అంగీల బుక్కు నేనే రాస్తి గద మేడం. నాకు తెల్వకుండ ఉంటదా? రెండు మూడు మ్యాచ్‌లకే సమజైంది. ఎవ్వలకు దడ పుడితె వాళ్లకు తొమ్మిది ఇస్తున్నదని. అందరికీ చెప్పిన. ఇగ మేమేం జేసేదంటె, తొమ్మిది ఎవ్వలు ఏసుకుంటె వాళ్లకే బాల్ ఇచ్చేది. నాకు బుట్ట ముందట జాగా దొరికినా నేను ఎయ్యకపోయేది, దానికే ఇచ్చేది. ఒక్కటి పడితె దడ పోతది. అందుకే గన్ని పాయింట్లు."

"మరి మేడంకు ఎందుకు చెప్పలే?"

"మాకు తెల్వదనుకొని ఆమె మస్తు సంబురపడేది మేడం. ఎట్ల చెప్తం?"

"ఆ రోజన్నా చెప్పొచ్చు కదే. ఆ సార్‌కు. నోరు తెరిచి ఒక్క మాట." కోపంగానే అన్నాను. ఎవరి మీద కోపమో తెలియదు.

ఆ పిల్ల కళ్లు నిండాయి. "మేడం మా ముందట మంచిగ ఆడినోళ్లకే ఇస్తా అని చెప్పె. మీరేమో తప్పు లెక్క అంటిరి. ఇద్దరు టీచర్లు చెప్పినంక మేం కాదనుడెట్ల మేడం? మా కోసమే చెప్తున్నరని సమజైంది. గందుకే సప్పుడు చెయ్యలే."

దేవరకొండ బస్సు వచ్చింది. ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టి ఎక్కేసింది. నేను నా బస్సు వదిలేసి, ప్లాట్‌ఫారం చివరికి పోయి ఆట మేడంకు ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తింది. వెనక దుకాణంలో ఎవరో చీర ధర అడుగుతున్నారు.

"అక్కా, పిల్లలకు ముందే తెలుసట" అన్నాను. కెప్టెన్ చెప్పిందంతా, ఒక్క మాట పోకుండా చెప్పాను. లైను తెగిందేమోనని రెండుసార్లు అక్కా అన్నాను.

"అంటే నా కొలువు ఉత్తపుణ్యానికే పాయెనన్నట్టు" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "అందరు దానికే ఇచ్చెటోళ్లటనా బాలు?"

"అందరూ ఇచ్చేవాళ్లట."

"నేను చెప్పకుంటనే?"

"నువ్వు చెప్పకుండానే."

ఆమె దుకాణంలోంచి బయటికి వచ్చినట్టుంది, చప్పుళ్లు తగ్గాయి. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"మల్లొక్కపారి చెప్పు చెల్లె" అంది. మైకులో బస్సుల పేర్లు చదువుతున్నారు. ఒక చెవి మూసుకుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.